కాకుల ఏడుపుకి కులపెద్ద

ఏ కాకి చచ్చినా మిగతా కాకులన్నీ చుట్టూ చేరి అరవడం వాటి ఆచారం. ముందెవరు అరవాలో తేలక ఒకసారి గొడవైంది. తీర్పు కోసం సింహం దగ్గరికి బయల్దేరాయి.

“మన ఏడుపు మనం ఏడవలేమా? దానికీ రాజు కావాలా?” అంది ముసలి కాకి. ఎవరూ వినలేదు.

సింహం ఒక బొంతకాకిని కులపెద్దని చేసింది. అది మొదలుపెట్టాకే మిగతావి అరవాలంది. తగవు తీరిందని కాకులు సంబరపడ్డాయి.

కొన్నాళ్లకి ఒక పిల్లకాకి చచ్చిపోతే, ముసలి కాకి ఆగలేక ముందే అరిచింది. సింహం దాన్ని ఒక్క దెబ్బకి చంపేసింది.

కాకులన్నీ ముసలిదాని శవం చుట్టూ చేరి కులపెద్ద వైపు చూశాయి.

“ముసలిది నిద్రపోతోంది, లేపకండి” అంది బొంతకాకి.

శవానికి చీమలు పట్టాయి. ఏ కాకీ నోరు విప్పలేదు.