గడప లోపల పసుపు

“ఈ పొద్దు గూడా నడింట్లోనే ఉచ్చ పోసిందే!” తాళం తీసి లోపలికి రాగానే ధనంజయ చీపురు అందుకున్నాడు. కుక్క మంచం కింద నక్కింది.

“కొట్టొద్దబ్బా. మనముంటే బయటికే పోతాది. ఒంటిగా వదిలితేనే ఇట్ల జేస్తాది,” అంది భార్య లోకేశ్వరి.

కుక్కకు పసుపు వాసన పడదని పొద్దున తనే గడప లోపల చల్లి వెళ్ళింది. ఇప్పుడు అక్కడినుంచి మనిషి పసుపు అడుగుల గుర్తులున్నాయి, తన బట్టల బీరువా దాకా.

“మధ్యలో నువ్వొచ్చినావా?”

“లేదే, పొద్దన్నుంచి షాపులోనే ఉండా.”

“ఇంకో తాళంచెవి ఎవరి దగ్గరుండాది?”

అంతలో కింది వాటాలోని ఇంటి ఓనరు మునిప్రసాద్ మెట్లెక్కి వచ్చాడు.

“ఏమ్మా, కుక్క చెప్పినమాట ఇంటా ఉండాదా?” అంటూ చెప్పులు గుమ్మం బయట విడిచాడు.

మంచం కింద కుక్క మళ్ళీ పోసుకుంది.

లోకేశ్వరి ఆ తెల్లచెప్పుల వైపు చూసింది. వాటి మీద అరికాళ్ళ గుర్తులు పసుపుపచ్చగా మెరుస్తున్నాయి.