సగం తిన్న రొట్టె

పాట మొదటి వరుసకే ముసలాయన చేతిలో రొట్టె ఆగిపోయింది.

ఆయన అప్పుడే రేవు నుంచి నడిచి వచ్చాడు. భుజాన చిరిగిన గొంగళి, కాళ్ళ నిండా ఉప్పు. పనిమనిషి మిర్తో కాళ్ళు కడిగింది. ఇంటాయన దమాస్ పొయ్యి పక్కన కూర్చోబెట్టి రొట్టె, అత్తిపళ్ళు పెట్టించాడు. పేరు మాత్రం అడగలేదు. అతిథి తినడం పూర్తయ్యాకే పేరడగాలి. అడగకముందే చెప్పుకోవడం అంతకన్నా తప్పు. ఆ దీవిలో పసిపిల్లలకి కూడా తెలిసిన మర్యాద అది.

"ఏం పెద్దాయనా, రుచించలేదా?" అన్నాడు దమాస్.

"రొట్టె బాగుంది బాబూ. పాటే గొంతు దిగడం లేదు."

ద్రాక్ష తొక్కి వచ్చి విందుకు కూర్చున్నవాళ్ళంతా గొల్లున నవ్వారు.

పాటగాడు ఫిలోన్ నవ్వలేదు.

ఇరవై ఏళ్ళుగా ఈ విందులో పాట అతనిదే. ఓడ మునిగినా ఈది ఒడ్డు చేరిన నాయకుడు లియాగ్రోస్ కథ. మొదట పాటల దేవతను పిలుస్తాడు. ఆ ఊపులోనే నాయకుణ్ణి ఆకాశానికెత్తి, బుద్ధిలేక సముద్రం పాలైన పన్నెండుమంది తెడ్లవాళ్ళ సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాడు.

ఆ పన్నెండుమందిలో ఫిలోన్ తండ్రి ఒకడు. ఫిలోన్ ఆ మాట ఎవరితోనూ అనడు, తనతో కూడా అనుకోడు. పాట అయ్యాక పంది వీపు ముక్క అందరికన్నా ముందు అతని పళ్ళెంలోనే పడుతుంది. అతనికి అది చాలు.

"నా పాటలో తప్పేముంది తాతా?" అన్నాడు ఫిలోన్.

"వాళ్ళు బుద్ధిలేనివాళ్ళు కారు. గాలి మారుతోందని మూడుసార్లు చెప్పారు. నాయకుడే వినలేదు."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? వాళ్ళ పిల్లలే నోరు మూసుకున్నారు."

ముసలాయన చప్పున తలెత్తాడు. "వాళ్ళ పిల్లలు నీకు తెలుసా?"

"నాకేం తెలుసు?" అని ఫిలోన్ తంత్రులు సవరించుకున్నాడు.

దమాస్‌కి ముచ్చటేసింది. "అయితే ఎలా మొదలుపెట్టాలో మీరే చెప్పండి."

ముసలాయన గొంతు సవరించుకున్నాడు. ఆ గొంతు పాత తలుపు కిర్రుమన్నట్టే ఉంది.

"అమ్మా, నాయకుడి సంగతి తర్వాత. తెడ్లు పట్టినవాళ్ళని ముందు తలుచుకో. అరచేతులు చీలినా తెడ్డు వదలనివాళ్ళని. మాట విననివాడి కోసం మునిగినవాళ్ళని."

అంతే పాడాడు.

మిర్తో కొంగుతో కళ్ళు తుడుచుకుంది. దమాస్ కత్తి తీసుకుని వీపు ముక్క కోశాడు. అది తిన్నగా వెళ్ళి ముసలాయన పళ్ళెంలో పడింది.

ఫిలోన్ తన ఖాళీ పళ్ళెం వైపు చూశాడు. ఇరవై ఏళ్ళు గొంతు చించుకుంటే దక్కిన ముక్క నాలుగు మాటలకి ఎగిరిపోయింది.

"నిదానంగా తినండి. తిన్నాక పేరు చెబుదురుగాని," అన్నాడు దమాస్. "చలికాలం ఇక్కడే ఉండి మావాడికి ఆ ఎత్తుగడ నేర్పండి." ఆ మాట అని కొత్త ద్రాక్షసారా తేవడానికి దొడ్లోకి వెళ్ళాడు.

ఇవాళ ముక్క, రేపు పీట. ఫిలోన్ జరిగి ముసలాయన పక్కన చేరి గొంతు తగ్గించాడు.

"మా ఇంటాయన మాట నమ్మేశావా తాతా?"

"అంటే?"

"మర్యాదకి అంటాడు. పోయిన చలికాలం ఒకడు ఇలాగే ఉండిపోతే ఇంటావిడ ఏడ్చినంత పని చేసింది. సారా వంకన దొడ్లో ఆవిడ చేత తిట్లు తింటున్నాడు చూడు."

ముసలాయన ముఖం చిన్నబోయింది. చేతిలో రొట్టె కింద పెట్టాడు.

"చలికాలానికి నాకిక్కడ ఇంకో నీడ లేదు. నేను వచ్చిన ఓడ ఉందా?"

"ఎర్ర తెరచాపదా? తాళ్ళు విప్పుతున్నారు. ఈ ఏడాదికి అదే ఆఖరు."

ముసలాయన లేచి గొంగళి దులుపుకున్నాడు. ముక్క ముట్టలేదు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"నాయనా, నీ తండ్రి ఎవరు? నీ కనుబొమలు ఎక్కడో..."

"ఓడ వెళ్ళిపోతుంది తాతా."

ఆయన వెళ్ళిపోయాడు. వీపు ముక్క ఫిలోన్ పళ్ళెంలోకి మారింది.

దమాస్ సారా తెచ్చేసరికి పీట ఖాళీగా ఉంది.

"ఏడీ?"

"అడుక్కుతినేవాడికి అరవై ఆరు కూరలు అయ్యా. మన తిండి నచ్చలేదేమో, చెప్పకుండా పోయాడు," అన్నాడు ఫిలోన్, నములుతూ.

మిర్తో పళ్ళెం తీసింది. సగం తిన్న రొట్టె కింద విరిగిన మట్టి పెంకు ఒకటి కనిపించింది. పేరడిగినప్పుడు చూపించడానికి అతిథి దగ్గర పెట్టుకునే పెంకు. స్నేహం కలుపుకున్న రెండు ఇళ్ళవాళ్ళు చెరో సగం దాచుకుంటారు.

దమాస్ గబగబా లోపలికెళ్ళి తండ్రినాటి పెట్టె తెరిచాడు. అందులోని సగం తెచ్చి దీనికి ఆనించాడు. వెంట్రుక కూడా దూరనంతగా అతుక్కుంది.

బయటికి పరుగెత్తాడు. ఎర్ర తెరచాప అప్పటికే కొండ మలుపు దాటుతోంది.

తిరిగొచ్చి పీట మీద కూలబడ్డాడు.

"కాళ్ళు కడుగుతుంటే చెప్పాడయ్యా," అంది మిర్తో మెల్లగా. "చచ్చిపోయేలోగా పన్నెండు గడపలెక్కి, పన్నెండుమంది బిడ్డల ముందు తప్పు ఒప్పుకోవాలట. పది అయ్యాయట. పదకొండోది ఈ ఊళ్ళోనేనట."

ఫిలోన్ నమలడం ఆగిపోయింది.

"ఎవరయ్యా ఆయన?" అన్నాడు.

దమాస్ అతుక్కున్న పెంకు వైపే చూస్తున్నాడు.

"మా నాన్న ఈ పెంకు పంచుకున్నది ఒక్క లియాగ్రోస్‌తోనే."