గిటారుకి గొడుగు పట్టినాయన

“రెండూ ఒక కడుపున పుట్టినట్టే ఉన్నాయి. దీనికింత ఆలోచనేంటే?” అంది అత్తగారు.

గిటార్ల కొట్టులో, పొడుగాటి బల్ల మీద, రెండు గిటార్లు పక్కపక్కన పడుకుని ఉన్నాయి. ఒకే పేరు, ఒకే తేనె రంగు. రెండింటికీ లోపలంతా బోలే. కాకపోతే ఒకటి లావుది, ఒకటి సన్నది.

“ఒకటి తిని పడుకుంది, ఒకటి అలిగి పడుకుంది. అంతేగా?”

కోడలికి నవ్వు రాలేదు.

ఇన్నాళ్ళూ వాయించిన గిటారు మెడ నిన్ననే విరిగింది. ఈ సాయంత్రం జాజ్ బృందంతో మొదటిసారి వేదిక ఎక్కాలి. బృందం నడిపే సాక్సోఫోనాయన ఆమెకి ఒకే ఒక్క పాట ఇచ్చాడు. అది పండితే బృందంలో చోటు. లేదంటే ఇంటిదారి.

“సన్నది తీసుకోండమ్మా,” అన్నాడు కొట్టాయన. “లావుదానికి గొంతు బాగుంటుంది గానీ స్పీకరు దగ్గర ఊళ పెడుతుంది. మొదటిసారి అంటున్నారు, ఎందుకొచ్చిన భయం?”

“లావుది మీ మామయ్యగారే,” అంది అత్తగారు. “పొట్టా అంతే, ఊళా అంతే.”

కోడలు సన్నదాన్ని ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం పాట ఎత్తుకుంది.

అది వాళ్ళ నాన్న ఎప్పుడో రేడియోలో వస్తుంటే కేసెట్టుకి ఎక్కించుకున్న పాట. వాయించిందెవరో ఆయనకీ తెలియదు. ఆయన పోయాక ఆ కేసెట్టుని అరగదీసి, ఒక్క స్వరం వదలకుండా నేర్చుకుంది.

మూల కుర్చీలోంచి ఒక ముసలాయన లేచి వచ్చాడు. చేతిలో వంకర పిడి గొడుగు. మాటా పలుకూ లేకుండా గొడుగు మొనని గిటారు అంచుకి ఆనించి, పిడిని దవడకి అదుముకుని, కళ్ళు మూసుకున్నాడు.

కోడలు బిత్తరపోయి ఆపేసింది.

“ఆపావేం? కానీ తల్లీ!”

“గొడుగు మనుషులకి పడతారని తెలుసు,” గొణిగింది అత్తగారు. “గిటారుకి పట్టే మనిషిని ఇప్పుడే చూస్తున్నాను.”

కోడలు మళ్ళీ మొదలుపెట్టింది. పాట మధ్యలో ఒకచోట చిన్న దెబ్బ వినిపిస్తుంది, వెంటనే ఒక స్వరం కాలు జారినట్టు జారుతుంది. కేసెట్టులో అలాగే ఉంది. అక్కడికి రాగానే ఆమె అరచేత్తో గిటారు పొట్ట మీద ఒక్కటి తట్టి, వేలు జార్చింది.

‘టక్’ అంది సన్నది.

ముసలాయన కళ్ళు తెరిచాడు. ఆమె మొహంలోకి వింతగా చూశాడు.

“ఏదీ, లావుదాని మీద కానియ్యి.”

ఈసారి తట్టినప్పుడు ‘ధుమ్’ అంది. గోడకి తగిలించిన గిటార్లన్నీ సన్నగా ఊఁ కొట్టాయి.

ముసలాయన గొడుగు బల్ల పక్కన పడేసి నవ్వడం మొదలుపెట్టాడు. పొట్ట చేత్తో పట్టుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, పసివాడిలా నవ్వాడు.

“ఆ దెబ్బెందుకు అమ్మాయ్?”

“పాటలో ఉంది కాబట్టి!” ఆమెకి ఉక్రోషం వచ్చింది.

“వేలు జారడం?”

“అదీ పాటలోదే. అసలు నాకు ప్రాణం అక్కడే. అది తీసేస్తే ఇంకేం మిగిలింది?”

ఆయన ఆమె పెదవుల వంకే చూస్తూ విన్నాడు. నవ్వు ఆగింది. కళ్ళలో నీళ్ళు మాత్రం ఆగలేదు.

“అయితే లావుదే నీది. స్పీకరుకి ఎదురుగా కూర్చోకు, పక్కకి తిరిగి కూర్చో. ఊళ పెట్టదు.”

కోడలి మనసు ఒక్కసారి తేలికైంది. లావుదాన్ని పెట్టెలో సర్దుతూ, వంచిన తల ఎత్తకుండానే అంది, “సాయంత్రం తప్పకుండా రండి తాతగారూ. ముందు వరసలో కుర్చీ మీకే.”

తలెత్తేసరికి ఆయన వీధిలో ఉన్నాడు, ఇంకా నవ్వుకుంటూ.

“ఊఁ అంటే నోట్లోంచి ముత్యాలు రాలతాయి కాబోలు!” అంది అత్తగారు.

సాయంత్రం కోడలు పక్కకి తిరిగి కూర్చుంది. గిటారు ఊళ పెట్టలేదు. ‘ధుమ్’ అన్నచోట డ్రమ్ముల కుర్రది ఉలిక్కిపడి, నవ్వేసి, తనూ ఒకటి వేసింది. జనం లేచి నిలబడ్డారు.

“రేపటి నుంచి సాధనకి వచ్చెయ్,” అన్నాడు సాక్సోఫోనాయన. “ఆ దెబ్బ మాత్రం తీశావో, ఊరుకోను.”

అత్తగారు ముందు వరసలో కుర్చీ మీద సంచీ పెట్టి, వచ్చినవాళ్ళందరితో పోట్లాడి మరీ దాన్ని కాపాడింది. అది ఖాళీగానే ఉండిపోయింది.

ఆఖర్న కొట్టాయన వచ్చాడు.

“ఆ తాతగారు రాలేదేం?” అడిగింది కోడలు. “నేను పిలిచాను కూడా.”

“మొహం చూపించి పిలిచారా? ఆయనకి చెవులు పోయి చాలా కాలమైందమ్మా. పెదాలు చూసి మాట పట్టుకుంటాడు, గొడుగు పిడితో పాట పట్టుకుంటాడు.”

అత్తగారు నాలిక కరుచుకుంది.

“ఇకమీదట కూతురి దగ్గరే ఉంటాడట. నాతో చెప్పి వెళదామని వచ్చాడు. సాయంత్రం రైలుకి వెళ్ళిపోయాడు. మీరెళ్ళాక గొడుగు కోసం మళ్ళీ వచ్చి ఒక మాట చెప్పాడు. ‘ఆ పిల్లకి చెప్పకు, దిద్దుకుంటుంది’ అన్నాడు. మీరు దిద్దుకోరు కదా?”

“చచ్చినా దిద్దుకోను. ఏమిటది?”

“అది దెబ్బ కాదమ్మా, రేడియోలో ఆయనే ఆ పాట వాయిస్తుంటే పక్కనున్న డ్రమ్ములవాడు తుమ్మాడట, నవ్వాపుకోలేక ఆయన వేలు జారిందట.”