నమ్మకమైన ఇల్లు

"మొత్తం పదిహేను ప్రశ్నలు తాతగారూ. తెలియకపోతే తెలియదనండి. కల్పించి మాత్రం చెప్పొద్దు," అంది ఆ పిల్ల, నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని.

గడియారాలు బాగుచేసే పెద్దాయన గడ్డిమోపు మీద సర్దుకుని కూర్చున్నాడు. ఉతికిన చొక్కా తొడుక్కుని, మీసాలు దువ్వుకుని మరీ వచ్చాడు. ఎదురుగా పొట్టి గుర్రం తొట్టిలో మూతి పెట్టి, ఈ గొడవతో తనకేమీ సంబంధం లేనట్టు దాణా నములుతోంది.

పిల్లకి పదేళ్లుంటాయి. ఏడాదిలో ఎంత పొడుగైందంటే, గుర్రమెక్కితే పాదాలు నేలకి రాసుకుంటున్నాయి. అందుకే వాళ్లమ్మ దాణా కొట్టు గోడకి కాగితం అంటించింది. గుర్రాన్ని అమ్మడం లేదు, నమ్మకమైన ఇంటికి అరువుగా ఇస్తామని దాని సారాంశం. అది చూసి ఇప్పటికి నలుగురు వచ్చి, నలుగురూ మొహాలు వేలాడేసుకుని వెళ్లారు. పిండిమర ఆయన రెండో ప్రశ్న దగ్గరే చతికిలబడ్డాడని బజారంతా చెప్పుకుని నవ్వుకున్నారు.

పెద్దాయనకి ఈ గుర్రం కావాలి. ఊరు మారి వచ్చినప్పటి నుంచి ఆయన మనవరాలు ఎవరితోనూ కలవడం లేదు. కొట్లో గడియారాల మధ్య ముడుచుకుని కూర్చుంటోంది. గుర్రం మాట ఎత్తితే మాత్రం మొహం చేటంత చేసుకుంది. ఇవాళ గుర్రంతోనే వస్తానని దానికి మాటిచ్చి బయల్దేరాడు.

పిల్ల ముందుగా షరతు చదివి వినిపించింది. గుర్రాన్ని ఎవరూ అమ్మకూడదు. స్వారీ చేసే పిల్ల పెద్దదైతే ఇంకో మంచి ఇంటికి అరువివ్వాలి. ఆ ఇల్లు మంచిదో కాదో తేల్చాల్సింది ఆ పిల్లే, పెద్దవాళ్లు కాదు.

తనకి సమ్మతమేనన్నాడు పెద్దాయన.

ప్రశ్నలు మొదలయ్యాయి. పచ్చగడ్డి ఎంతసేపు మేయనిస్తారని అడిగింది. ఎక్కువ మేస్తే గిట్టలు వాస్తాయి కాబట్టి పొద్దున గంట, సాయంత్రం గంట అన్నాడు. లాడాలు ఎన్నాళ్లకి మారుస్తారని, చలికాలం నీళ్లు ఎలా ఇస్తారని, మీ మనవరాలు కిందపడితే గుర్రాన్ని కొడతారా అని, ఒకదాని వెంట ఒకటి. ఒక్కదానికీ తడబడలేదు. పిల్ల ప్రతిదానికీ టిక్కు పెడుతూనే, మధ్యలో కళ్లెత్తి అనుమానంగా చూస్తోంది.

"ఇంతకు ముందు గుర్రాన్ని పెంచారా?"

"పెంచామమ్మా. మా చిన్నమ్మాయి ఎక్కేది."

"అదేమైంది?"

"బాగానే ఉంది. మంచివాళ్ల దగ్గరుంది."

ఇంతలో వాళ్లమ్మ టీ గ్లాసుతో వచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయింది. పెద్దమనిషిని గడ్డి మీద కూర్చోబెట్టి ఈ నిలదీతలేమిటని కూతుర్ని కసరబోయింది. పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు.

"అడగనీ అమ్మా. ఇప్పుడు అడక్కపోతే ఇంకెప్పుడు అడుగుతుంది?"

ఆవిడ గ్లాసు ఇచ్చి, కొంగు నలుపుకుంటూ పక్కన నిలబడింది. పిల్ల పేజీ తిప్పింది.

"ఆఖరిది. రాత్రిళ్లు దాని పక్కన ఎవరుంటారు?"

పెద్దాయన టీ తాగడం ఆపాడు. కొట్టు వెనక షెడ్డు ఉందనీ, గాలీ వెలుతురూ బాగా వస్తాయనీ, తలుపుకి గట్టి గొళ్లెం ఉందనీ చెప్పాడు.

"అది కాదు తాతగారూ. తోడెవరు?"

"తోడా? గుర్రానికి తోడెందుకమ్మా?"

పిల్ల లేచి, గుర్రం వెనక గడ్డిలో పడుకున్న ముసలి మేకని చూపించింది. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో గుర్రం రాత్రంతా తలుపు తన్నేదట. మేకని తెచ్చి కట్టిన రోజు నుంచి ఒక్క తన్ను లేదట.

"మాదీ అలాగే తన్నేది. పొగరనుకున్నాం," అన్నాడు పెద్దాయన మెల్లగా.

"పొగరు కాదండీ. బెంగ."

ఆయన లేచి వెళ్లి మేక వీపు నిమిరాడు. మనసులో సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గు వెనకే గర్వం పొంగింది. ఇంత చిన్నపిల్ల, తనకి ఇన్నేళ్లూ తెలియని సంగతి కళ్లతో చూసి పట్టేసింది.

"పద్నాలుగు సరిగ్గా చెప్పారు. కానీ ఇవ్వలేను తాతగారూ. మేకని తెచ్చుకున్నాక రండి, మళ్లీ చూస్తాను," అని పిల్ల నోటుపుస్తకం మూసేసింది.

వాళ్లమ్మ గేటు దాకా పరుగున వచ్చింది. చిన్నపిల్ల మాట పట్టించుకోవద్దని, ఇప్పుడే గుర్రాన్ని విప్పి పగ్గం చేతికిస్తానని బతిమాలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పెద్దాయన ఒప్పుకోలేదు.

"తేల్చాల్సింది ఆ పిల్లేగా. తేల్చేసింది. దాన్ని ఒక్క మాట కూడా అనకు."

కొట్టు మెట్ల మీద మనవరాలు ఎదురుచూస్తోంది. ఆయన ఒట్టి చేతులతో రావడం చూసి దాని పెదవి వణికింది.

"గుర్రమేది తాతా?"

"ఇవ్వలేదమ్మా. మొహమాటం లేకుండా మొహం మీదే కుదరదంది. ఎంత గట్టి పిల్లనుకున్నావు," అంటూ దాన్ని ఎత్తుకుని బల్ల మీద కూర్చోబెట్టాడు. ఆ పిల్ల అడిగినవన్నీ, అడిగిన తీరుతో సహా చెప్పుకొచ్చాడు. చెబుతుంటే ఆయన ఛాతీ ఉబ్బిపోతోంది. పక్క కొట్టువాళ్లు కూడా వచ్చి నిలబడి విన్నారు. రేపు ఇద్దరం వెళ్లి మంచి మేకని చూసుకొద్దామనేసరికి మనవరాలి మొహం కాస్త తేరుకుంది.

"ఓడిపోయి వచ్చి నవ్వుతావేంటి తాతా?"

"ఓడిపోలేదే పిచ్చిదానా. ఒకప్పుడు నేను వేసిన అంచనా తప్పలేదని ఇవాళే తెలిసింది," అన్నాడు మీసం మెలేస్తూ.

అయిదేళ్ల క్రితం ఆ గుర్రాన్ని ఆ ఇంటికి అరువిచ్చింది ఆయనే.