నాలుగు యూలు

"యూ అక్షరం ఉన్న ఇంగ్లీషు మాట ఇంకోటి చెప్పు," అంది అక్క, అట్టకు జిగురు పూస్తూ.

చెల్లెలు నోట్‌బుక్ తిరగేసింది. "గురు. మన గురువేనే అక్కా, ఇంగ్లీషు వాళ్ళు ఎత్తుకుపోయారు. ఒక్క మాటలో రెండు యూలు."

"భేష్! రాసుకో."

"అందరూ క్యూ ఉన్న మాటల కోసం కొట్టుకుంటారు. పది పాయింట్లు. నువ్వేమో ఒక్క పాయింటు యూని పట్టుకుని వేలాడుతున్నావు."

"సంచిలో ఉన్నవి నాలుగే యూలు. అవి తొందరగా అయిపోవాలి," అంది అక్క.

అది అక్షరాల బిళ్ళల ఆట. సంచిలో చెయ్యి పెట్టి ఏడు బిళ్ళలు తీసుకోవాలి. వాటితో బోర్డు మీద ఇంగ్లీషు మాటలు పేర్చాలి. క్యూ చేతికొచ్చి, పక్కన పెట్టడానికి యూ లేకపోతే మామూలు మనిషి చేతులెత్తేస్తాడు. డిక్షనరీ మాస్టారు మాత్రం ఎత్తడు. యూ అక్కర్లేని క్యూ మాటలు ఆయనకు కంఠతా వచ్చు. తొమ్మిదేళ్ళుగా లైబ్రరీ హాల్లో జరిగే పోటీలో కప్పు ఆయనదే.

అక్క ఒకప్పుడు ఆ లైబ్రరీలోనే అటెండరు. పదకొండేళ్ళ కిందట, కమిటీ సెక్రటరీగా ఉన్న ఈ మాస్టారు పెట్టిన ఒక్క సంతకంతో ఆమె ఉద్యోగం ఊడింది. అప్పట్నుంచీ ఇంట్లో పుస్తకాలు బైండు చేసుకుంటూ బతుకుతోంది. ఆ వీధిలో తలెత్తి నడిచింది లేదు. ఆమె కోరిక ఒక్కటే. అదే హాల్లో, అదే జనం ముందు, ఆయన తల దించుకోవాలి.

నిరుడు పోటీ చూడ్డానికి వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంది. మాస్టారికో అలవాటు ఉంది. ఆటకు ముందు కళ్ళజోడు పెట్టెలోంచి నాలుగు మడతల కాగితం తీసి, ఓసారి చూసుకుని, మళ్ళీ దాచేస్తాడు. అది ఆయనకు కలిసొచ్చిన కాగితమట. ఎవరికీ చూపించడు. ఆమె వెనకనుంచి ఆ కాగితాన్ని చూసింది. ఆ సాయంత్రమే చెల్లెలితో నోట్‌బుక్ కొనిపించి, ఆట నేర్చుకోవడం మొదలుపెట్టింది. కడుపు మండితే చదువు ఎంత వేగంగా ఒంటబడుతుందో ఆమెను చూసి తెలుసుకోవాలి.

ఈ ఏడు పోటీకి ఆమె ఓ కానుక కూడా ఇచ్చింది. లైబ్రరీ వాళ్ళు ఎప్పుడో తూకానికి అమ్మేస్తే తను కొనుక్కున్న పాత పెద్ద డిక్షనరీకి కొత్త అట్ట వేసి, జడ్జీ బల్ల మీద పెట్టించింది. మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి, "కుట్టు బాగుంది. మొత్తానికి చేతికి తగ్గ పని దొరికింది," అన్నాడు. ఆమె నవ్వి ఊరుకుంది.

బ్యాంకు గుమాస్తా ఓడాడు. కాలేజీ లెక్చరరు ఓడింది. ఫైనల్‌కు మాస్టారి ఎదురుగా వచ్చి కూర్చున్నది అక్క.

"వానాకాలం చదువులు కూడా ఫైనల్‌కొచ్చేస్తున్నాయి," అన్నాడాయన, అందరికీ వినబడేలా. తర్వాత పెట్టె తెరిచి, కాగితం చూసుకుని, మూశాడు.

మొదటి చేతిలోనే ఆమెకు క్యూ వచ్చింది. వెంటనే దాన్ని సంచిలో పడేసి వేరే బిళ్ళ తీసుకుంది. అలా మార్చుకుంటే ఓ వంతు పోతుంది. వెనక కూర్చున్న చెల్లెలు నెత్తి కొట్టుకుంది.

తర్వాత గురు పేర్చింది. రెండు యూలు పోయాయి. ఇంకో రెండు మాటల్లో మిగతా రెండూ ఖర్చుపెట్టేసింది. అంత చేసినా ముప్ఫై పాయింట్లు ముందుంది. మాస్టారి నుదుట చెమట పట్టింది. ఇంతలో సంచిలో చెయ్యి పెట్టిన ఆయన ముఖం వెలిగిపోయింది. క్యూ!

చివరి వంతులో టపటపా ఐదు బిళ్ళలు పేర్చాడు. "కానాట్. క్యూతో మొదలు, యూ అక్కర్లేదు. నేల కింద తవ్విన నీళ్ళ కాలువ. కప్పు ఇలా తెండి."

"అలాంటి మాట లేదు," అంది ఆమె.

జడ్జీగా కూర్చున్న కళ్ళ డాక్టరు డిక్షనరీ తెరిచి వేలు పెట్టి వెతికాడు. "పీ అయిపోయింది... ఆ తర్వాత క్వాక్. అంటే బాతు అరుపు. కానాట్ లేదు మాస్టారూ."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"లేకపోవడమేంటి! ఫోన్లో చూడండి!"

"ఫోన్లు బయట బుట్టలో ఉన్నాయి. బల్ల మీది పుస్తకంలో లేని మాట చెల్లదు. రెండు నియమాలూ మీరు రాసినవే."

ఆమె నెమ్మదిగా అంది. "పోనీలెండి మాస్టారూ. ఓడిపోతామని మాటలు పుట్టిస్తే ఎలా? ఇంతకీ వానాకాలం చదువు నాదా, మీదా?"

ఆ ఒక్క మాటకు ఆయనకు కోపం నషాళానికి అంటింది. లేచి నిలబడ్డాడు. కళ్ళజోడు పెట్టె తెరిచి, నాలుగు మడతల కాగితం విప్పి, బల్ల మీద ఫట్‌మని కొట్టాడు. "కళ్ళు పెట్టుకుని చూడండి! రెండో వరస, పైనుంచి ఐదోది! ఉందా లేదా?"

"ఉంది," అన్నాడు డాక్టరు.

ఉన్నది చూసి ఊరుకోలేదు డాక్టరు. కాగితం మూలనున్న లైబ్రరీ ముద్ర చూశాడు. పేజీ నంబరు చూశాడు. దాన్ని డిక్షనరీలో పీకీ బాతు అరుపుకీ మధ్య, కుట్టు దగ్గర మిగిలిపోయిన చిరుగు పక్కన పెట్టాడు. అతికినట్టు సరిపోయింది.

"కప్పు ఆయనకే ఇచ్చెయ్యండి డాక్టరుగారూ, మాట ఉందిగా," అంటూ ఆమె తన సంచిలోంచి పసుపుబారిన కాగితం ఒకటి తీసి, అందరికీ వినబడేలా చదవమని డాక్టరు చేతికిచ్చింది.

"నిఘంటువులో క్యూ అక్షరం మొదటి పేజీని చింపి దొంగిలించినందుకు లైబ్రరీ అటెండరును ఉద్యోగం నుంచి తొలగించడమైనది, ఇట్లు, సెక్రటరీ," అని చదివి, కింద ఉన్న సంతకం ఎవరిదో చెప్పడానికి డాక్టరు మాస్టారి వైపు చూశాడు.