మోకాలెత్తు కోత

ఆ ఉదయం ఆకాశం తోటలోకి దిగి కూర్చుంది. మబ్బో మంచో తెలియని తెల్లదనంలో నారింజ చెట్లన్నీ మునిగిపోయాయి. వాటి మధ్య ముళ్ళచెట్టొకటి నేలను వదిలేసి తేలుతున్నట్టుంది. ఆకు ఒక్కటీ లేదు. వేలెడేసి ముళ్ళు, ముళ్ళ సందుల్లో తెల్లని పూలు.

దాని ముందు అన్న గొడ్డలితో నిలబడి ఉన్నాడు.

"ఏం చెట్టురా ఇది?"

"తెలీదన్నయ్యా," అన్నాడు తమ్ముడు.

"నీ వరసలో పెరిగింది నీకు తెలీదు. మూడేళ్ళుగా కళ్ళెక్కడ పెట్టుకున్నావు? నీతో పొత్తు ఇక చాలు. దీన్ని ఇప్పుడే కొట్టేస్తాను. మధ్యాహ్నం తాడు పట్టి తోట చెరిసగం చేసుకుందాం. పొయ్యి కూడా వేరే."

తమ్ముడు తల వంచుకున్నాడు. అతని భార్య నీళ్ళబిందె దించింది.

"పొయ్యి వేరే పెడితే ఊదేదెవరు బావగారూ? పెనం మీద రొట్టె తిప్పాలని కూడా మీకు తెలీదు."

"నేర్చుకుంటాలే."

"మొక్కలకి అంట్లు కట్టే తాతకి కబురు పెట్టాను. పేరైనా తెలుసుకుని కొట్టండి. పూలతో ఉన్న చెట్టు."

అన్న గొడ్డలిని నేలకి ఆనించాడు. "కలుపని ఆయన అంటే మాత్రం ఇక అడ్డు రాకు."

తాత ఆ తెల్లదనంలోంచి ముందు దగ్గుగా, తరువాత చేతికర్రగా, ఆ తరువాత మనిషిగా వచ్చాడు. చెట్టు చుట్టూ మెల్లగా తిరిగాడు. ఒక పువ్వు నలిపి వాసన చూశాడు. తోటంతా పూతమీదే ఉంది. ఏ వాసన ఎక్కడిదో చెప్పడం కష్టం. లేత కొమ్మ గిల్లి, నమిలి, ఉమ్మేశాడు. చివరికి మోకాళ్ళ మీద కూర్చుని చెట్టు మొదట్లో గడ్డి పక్కకు తోశాడు. చాలాసేపు లేవలేదు. కొమ్మల చివర్ల నుంచి మంచు చుక్కలు రాలడం వినిపిస్తోంది.

"నిద్రపోయారా తాతా?" అంది ఆమె.

"కలుపు కాదమ్మా. ఇది మీ నారింజలకి కాళ్ళు."

"కాళ్ళేంటి?" అన్నాడు అన్న.

"తీపి నారింజని ఈ ముళ్ళ మొక్క మీదే అంటు కడతాం. దీని వేరు గట్టిది. మీ తోటలో ఏ చెట్టునైనా మోకాలి కింద చూడు, ఇదే ఉంటుంది. నీ వరసైనా, వాడి వరసైనా."

"మరి పైన ఉండాల్సిన నారింజ ఏది?"

తాత బెరడు తడిమి చూపించాడు. మోకాలెత్తున పాత కోత ఒకటి, సగం మానిపోయి, మూతపడుతున్న కన్నులా ఉంది.

"కొట్టేశారు. పని వచ్చినవాడే కొట్టాడు. అడుగునుంచి ఈ కొమ్మ ఏపుగా లేచింది, పైన నారింజ నీరసంగా ఉంది. ఏపుగా ఉన్నది ఉంచి నీరసంది తీసేశాడు. లేత నారింజకీ ముళ్ళుంటాయి కదా, అక్కడే మోసపోయాడు." తాత కోత మీద అరచెయ్యి వాల్చాడు. "పైగా ఎడమచేతివాటం మనిషి. అటు కాలువ, నిలబడే చోటు ఇదొక్కటే. కుడిచేత్తో కొడితే కోత ఇలా వాలదు. ఎవరు కొట్టారు?"

ఆమె నోరు తెరిచి, భర్త ముఖం చూసి, బిందె ఎత్తుకుంది.

"మూడేళ్ళ కిందట నేను జ్వరంతో మంచం పట్టాను తాతా," అన్నాడు తమ్ముడు. "ఎవరో కూలాయన వచ్చి కొట్టి వెళ్ళాడు. ముఖం కూడా గుర్తులేదు."

అన్న ఆ కోతనే చూస్తూ ఉండిపోయాడు. మంచు అతని భుజాల దాకా వచ్చింది, పోయింది.

"ఉండనీ చెట్టు," అన్నాడు చివరికి.

"మరి మధ్యాహ్నానికి తాడు తియ్యమంటారా బావగారూ?"

"ముందు ఇంత రొట్టె పెట్టమ్మా."

వసారాలో నలుగురూ తినడానికి కూర్చున్నారు. పూల వాసన తెల్లగా లోపలికి వస్తూనే ఉంది. తాత ఒక్కసారి అన్న పళ్ళెం వైపు చూసి, చప్పున తోట వైపు తిరిగాడు.

అన్న తన రొట్టె తుంచి, పెద్ద ముక్క తమ్ముడి పళ్ళెంలో వేశాడు. ఎప్పటిలాగే, ఎడమచేత్తో.