సిఫార్సు సీటు

“బావా, ఆ సుత్తి పక్కన పడెయ్. సీటు ఖాయం!” అంటూ కొట్టు గుమ్మంలోంచే అరిచాడు బావమరిది.

సోఫాల మేస్త్రి నోట్లో మేకులున్నాయి. ఒక్కొక్కటే తీసి రెక్సిన్ మీద కొడుతున్నవాడు ఆగిపోయాడు. కొట్టు వెనకే ఇల్లు. చదువుతున్న పుస్తకంలో వేలు పెట్టుకుని కూతురు బయటికొచ్చింది.

“ఏ సీటు మామయ్యా?”

“ఏ సీటేమిటే పిచ్చిమొహమా, నీ డాక్టరు సీటు! ఇవాళ కారెక్కుతూనే మా మెడికల్ కాలేజీ ప్రిన్సిపాల్ గారు మీ నాన్న కొట్టు పేరు చెప్పి, ‘ఎక్కడో తెలుసా’ అన్నారు. ‘సాక్షాత్తూ మా బావేనండీ’ అన్నాను. ‘అయితే సీటు సంగతి మాట్లాడాలి, రేపు పదింటికల్లా కాలేజీకి రమ్మను’ అన్నారు. ఏడాదిగా ఆయన కారు తోలుతున్నది ఊరికేనా? అంతా నా మొహం చూసే!”

మేస్త్రి మేకులు అరచేతిలోకి ఉమ్మాడు. “నీ మొహం చూసి లైసెన్సు ఇవ్వడమే ఎక్కువ.”

“మా తమ్ముణ్ణి ఆడిపోసుకోకపోతే పొద్దుపోదు మీకు,” అంది లోపలినుంచి వచ్చిన భార్య. “ఊళ్లో పిల్లలందరికీ మామయ్యలు చెబితేనే వస్తున్నాయి సీట్లు. మన పిల్లకొస్తే తప్పొచ్చిందా?”

“మామయ్య మొహం చూసి ఇచ్చిన సీటైతే నేను చేరను,” అంది కూతురు. “రేపు ఎవరికైనా సూది వెయ్యాలంటే నా చెయ్యి వణకదూ?” అని విసురుగా లోపలికెళ్లి తలుపేసుకుంది.

“అచ్చం తండ్రి పొగరే!” అన్నాడు బావమరిది.

మర్నాడు మేస్త్రి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కాలేజీకి వెళ్లాడు. నోటీసు బోర్డు దగ్గర తల్లులూ తండ్రులూ ఒకరినొకరు తోసుకుంటున్నారు. ఎవరి మామయ్యలు ఎవరి కాళ్లు పట్టుకున్నారో ఆ గోడకే తెలియాలి అనుకుంటూ, అటు చూడకుండా దాటిపోయాడు.

ప్రిన్సిపాల్ కూర్చోమన్నా కూర్చోలేదు.

“అయ్యా, నాకు చదువబ్బలేదు. తిప్పి తిప్పి మాట్లాడడం రాదు. మా అమ్మాయికి ఆ సీటొద్దు. మార్కులకు వస్తే ఇవ్వండి, రాకపోతే మానెయ్యండి. మీ డ్రైవరు మొహం చూసి ఇస్తే మాత్రం మేం తీసుకోం.”

అనేశాడు గానీ, పిల్ల నోటి దగ్గర కూడు తన చేత్తోనే లాగేసినట్టయింది.

ప్రిన్సిపాల్ కళ్లజోడు తీశాడు. “మా డ్రైవరా? వాడి మొహానికీ సీటుకూ ఏమిటండీ సంబంధం? నేను పిలిపించింది దీనికోసం!”

లేచి, తను కూర్చున్న కుర్చీని ఒక్క చరుపు చరిచాడు. దుమ్ము లేచింది. స్పాంజి దిగిపోయి కుర్చీ ఎడమపక్కకు ఒరిగివుంది. “ఈ సీటు మార్చాలి. దీంతోపాటు కమిటీ గదిలో ఇంకో పన్నెండున్నాయి.”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు మేస్త్రికి. చెయ్యి మాత్రం అలవాటుకొద్దీ కుర్చీ అడుగున తడిమింది. స్ప్రింగు విరిగింది.

“మరి... నా కొట్టు పేరు మీకెవరు చెప్పారండీ?”

“పోయిన వారం ఇంటర్వ్యూలో ఒకమ్మాయిని, ‘మీవాళ్లలో డాక్టర్లెవరైనా ఉన్నారా’ అని అడిగాను. ‘లేరండీ. కానీ మీరు ఇందాకట్నుంచీ ఒక పక్కకే ఒరిగి కూర్చున్నారు. మీ నడుంనొప్పి మందులతో పోదు, కుర్చీ బాగుచేయించండి, మా నాన్న చేస్తారు’ అని మీ కొట్టు పేరు చెప్పింది. నాకు నడుంనొప్పి అని నేను చెప్పనే లేదు! మార్కుల్లో ఆ అమ్మాయిది మూడో స్థానం. లిస్టు పొద్దున్నే అంటించాం, చూసుకోలేదా?”

మేస్త్రి విరిగిన కుర్చీనే ఆసరాగా పట్టుకుని నిలబడ్డాడు.

“ఇక సిఫార్సు మాటంటారా,” ప్రిన్సిపాల్ కుర్చీని చూపిస్తూ నవ్వాడు, “ఈ ఏడు మా కాలేజీలో సొంతమనిషి సిఫార్సు మీద సీటు దక్కింది మీ ఒక్కరికే!”